4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేయాలి, సలహా కావాలి

తెల్లకాగితం:

అందరికీ నమస్కారం. తక్కువ ధర లాప్‌టాప్ ఒకటి ఉంది. అందులో విండోస్ 11 తీసేసి లినక్స్ వేయాలి. వివరాలు: ఇంటెల్ సెలెరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (డిస్కు బదులు ఉండే మెమరీ చిప్), 14 అంగుళాల తెర, 1366×768. కంపెనీ నుంచే విండోస్ ఎస్ మోడ్‌లో వచ్చింది.

సీ డ్రైవ్‌లో 3 జీబీ కూడా ఖాళీ లేదు. అప్‌డేట్ సగం దాకా పోయి, చోటు చాలదని వెనక్కి వస్తోంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్ 90 శాతం దాటుతోంది. వాడకం మామూలే: బ్రౌజింగ్, యూట్యూబ్ పాఠాలు, తెలుగు, ఇంగ్లిషు టైపింగ్, నెలకు పది ఇరవై పేజీల ప్రింటు.

ఈ మిషన్‌కి ఏ లినక్స్ నప్పుతుంది? విండోస్ లైసెన్స్ పోతుందా? రెండూ పక్కపక్కన ఉంచుకోవచ్చా? అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు చాలా ఉన్నాయి, అవి తెరుచుకుంటాయా? ప్రింటర్ కెనాన్ ఎల్‌బీపీ 2900బీ.

గోదారిటక్స్:

ముందుగా ఒక మాట. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అనేవి విండోస్ 11 అడిగే కనీస కొలతలు. మీ మిషన్ సరిగ్గా ఆ గీత మీద ఉంది, అందుకే ఆ ఇబ్బంది. ప్రాసెసర్ మరీ పనికిరానిది కాదు. లినక్స్ వేస్తే బ్రౌజింగ్, టైపింగ్ హాయిగా సాగుతాయి.

రెండూ ఉంచుకోవాలనే ఆలోచన మానుకోండి. 64 జీబీ అని డబ్బా మీద ఉన్నా లెక్కకు వచ్చేది 58 జీబీ. విండోస్, దాని అప్‌డేట్లు, రికవరీ పార్టిషన్ కలిసి 30 జీబీ దాకా మింగేస్తాయి. మిగిలినదాంట్లో లినక్స్ ఇరికిస్తే రెండింటికీ ఊపిరాడదు. ఒకటే ఉంచండి.

లైసెన్స్ గురించి బెంగ వద్దు. కంపెనీ వేసిన విండోస్ కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది, డిస్కులో కాదు. డిస్కు మొత్తం తుడిచేసినా, రేపు మళ్లీ అదే హోమ్ ఎడిషన్ వేస్తే కీ అడక్కుండానే యాక్టివేట్ అవుతుంది. కానీ లాప్‌టాప్‌తో పాటు ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ ఇచ్చి ఉంటే దాని సంగతి వేరు. అది మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపడేది. ఇంతవరకూ వర్డ్ తెరిచి యాక్టివేట్ చేయకపోతే విండోస్ తీసేముందే చేసేయండి.

విండోస్‌లో ఉండగానే ముగించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

బయోస్ (మిషన్ ఆన్ కాగానే ముందుగా నడిచే లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఏమైనా ఉందేమో కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ చూడండి. చవక మోడళ్లకు బయోస్ అప్‌డేట్ చాలావరకు విండోస్‌లో నడిచే ఫైలుగానే ఇస్తారు. లినక్స్ వేశాక దాని కోసం మళ్లీ విండోస్ వెతుక్కోవాలి. ఆ పేజీలోనే వైఫై, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు కూడా దించి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ఎప్పుడైనా వెనక్కి వెళ్లాల్సివస్తే అక్కరకొస్తాయి. రికవరీ డ్రైవ్ కూడా చేసుకుంటే మరీ మంచిది, దానికి 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టండి.

ఫైళ్లు కాపీ చేసేటప్పుడు వన్‌డ్రైవ్ గుర్తులు చూడండి. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో కనిపించే ఫైలు పక్కన చిన్న మబ్బు బొమ్మ ఉంటే ఆ ఫైలు మీ డిస్కులో లేదని అర్థం, నెట్‌లో మాత్రమే ఉంది. ముందు దాన్ని దించుకుని, ఆ తర్వాత బయటి డిస్కుకు కాపీ చేయాలి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు కూడా బయటికి తీసుకోండి.

బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళం): ఇలాంటి మిషన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే ఏర్పాటు) కదిలించి, మనసు మార్చుకుని మళ్లీ విండోస్‌లోకి వెళ్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకోండి. అంతా తుడిచేశాక ఆ కీతో పనిలేదు.

ఏది వేయాలంటే: లినక్స్ మింట్ 22 వరసలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. తెరవగానే సుమారు 800 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది. అసలు ఉబుంటు వద్దనడానికి కారణం దాని గ్నోమ్ డెస్క్‌టాప్ ర్యామ్ ఎక్కువ తింటుంది, స్నాప్ అనే రకం యాప్ ప్యాకేజీలు డిస్కు తింటాయి. మింట్‌లో స్నాప్ ఉండదు.

బూట్‌మెనూ:

పైన చెప్పినవన్నీ సరైనవే. నేను పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడతాను.

మీది ఎస్ మోడ్ కాబట్టి స్టోర్‌లో లేని ప్రోగ్రామ్ నడవదు, బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ నుంచి ఎస్ మోడ్ బయటికి రావచ్చు. డబ్బేమీ అక్కర్లేదు, కాకపోతే మళ్లీ ఎస్ మోడ్‌లోకి పోలేరు. ఎలాగూ తీసేస్తున్నారు కాబట్టి దానికంటే వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ చేయడం సులువు. అదీ దొరక్కపోతే ఓటీజీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్ ఈ పని చేస్తుంది.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. రూఫస్‌లో ఐఎస్‌ఓ (మింట్ సైట్ నుంచి దించిన ఇన్‌స్టాల్ ఫైలు) ఎంచుకున్నాక పక్కన టిక్కు గుర్తు బటన్ ఉంటుంది. నొక్కితే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య (ఫైలు వేలిముద్ర లాంటిది) చూపిస్తుంది. దాన్ని మింట్ సైట్‌లో ఇచ్చిన సంఖ్యతో పోల్చండి. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు చూసి వదిలేయకుండా మొత్తం పోల్చండి. నెట్ మధ్యలో తెగి ఫైలు పాడైతే ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతుంది, తప్పు డిస్కుదనుకుని జనం గంటలు పోగొట్టుకుంటారు. పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్‌ఐ (బయోస్ కొత్త రూపం). ఐఎస్‌ఓ మోడ్, డీడీ మోడ్ అని అడిగితే ముందు ఐఎస్‌ఓ మోడ్ ఎంచుకోండి. దాంతో బూట్ కాకపోతే డీడీ. డీడీతో చేసిన పెన్‌డ్రైవ్‌ను విండోస్ చదవలేక ‘ఫార్మాట్ చేయమంటారా’ అంటుంది, వద్దని చెప్పండి.

విండోస్‌ను షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేయండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల మిషన్ పూర్తిగా ఆగదు, బూట్ మెనూ మీట పనిచేయనట్టు అనిపిస్తుంది. మీటలు: హెచ్‌పీ అయితే ఎస్కేప్ తర్వాత ఎఫ్9, లెనోవో, డెల్ ఎఫ్12, ఆసుస్ ఎస్కేప్, ఏసర్ ఎఫ్12. ఏసర్‌లో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూ అనేదాన్ని ఎనేబుల్ చేయాలి. ఏ మీటా అందకపోతే విండోస్ సెట్టింగ్స్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్, యూజ్ ఎ డివైస్ అనే దారి ఉంది. ఇది దాదాపు అన్ని కంపెనీల్లోనూ పనిచేస్తుంది.

సెక్యూర్ బూట్ ఆపాల్సిన అవసరం లేదు. మింట్ బూట్ ఫైలుకు సంతకం ఉంది.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరుచుకున్నాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. అరగంట వాడి చూడండి. వైఫై పట్టిందా, స్పీకర్, హెడ్‌ఫోన్ రెండింట్లో శబ్దం వస్తోందా, వెలుతురు తగ్గించే మీటలు, టచ్‌ప్యాడ్‌లో రెండు వేళ్లతో జరపడం, కెమెరా, మూత మూసి తెరిస్తే తిరిగి లేస్తోందా. ఇక్కడ పనిచేయనిది ఇన్‌స్టాల్ చేశాక దానంతటదే పనిచేయడం అరుదు.

ఇంకో ముఖ్యమైన పరీక్ష ఈఎంఎంసీ ఆయుష్షు. ఆ చిప్ మదర్‌బోర్డుకు అతికించి ఉంటుంది, మార్చలేరు. ఫైల్ మేనేజర్‌లో మూల ఫోల్డర్ నుంచి సిస్, బ్లాక్, ఎంఎంసీబీఎల్‌కే0, డివైస్ వరకు వెళ్లండి. అక్కడ లైఫ్ టైమ్ అనే ఫైలు ఉంటుంది. తెరిస్తే 0ఎక్స్01 లాంటి రెండు అంకెలు కనిపిస్తాయి. 01 అంటే 10 శాతం లోపు అరిగింది, 02 అంటే 10–20 శాతం, అలా 0ఏ దాకా. 0బీ అంటే లెక్క ప్రకారం ఆయుష్షు దాటిపోయిందని. పక్కనే ప్రీ ఈవోఎల్ ఇన్ఫో అనే ఫైల్లో 01 ఉంటే మామూలు, 02 అయితే విడి బ్లాకులు 80 శాతం వాడేసింది, 03 అయితే ఆ డిస్కును నమ్మి ఏమీ పెట్టకండి. రెండేళ్లపాటు నిండుగా ఉన్న డిస్కులో అప్‌డేట్లు మళ్లీ మళ్లీ రాసి చెరిపితే ఈ అంకె త్వరగా పెరుగుతుంది, మీది తప్పకుండా చూడండి.

తెల్లకాగితం:

ఇద్దరికీ ధన్యవాదాలండి. లైఫ్ టైమ్ 0ఎక్స్03, 0ఎక్స్02 చూపిస్తోంది, ప్రీ ఈవోఎల్ 01. వైఫై, శబ్దం, కెమెరా అన్నీ వచ్చాయి. ఇన్‌స్టాలర్ తెరిచాను. డిస్కు ఎంచుకునే చోట నా డిస్కు కనపడటం లేదు. ‘ఎంఎంసీ/ఎస్‌డీ కార్డ్ #1, 62.5 జీబీ’ అని ఒకటి, పెన్‌డ్రైవ్ ఒకటి ఉన్నాయి. మెమరీ కార్డు నేను పెట్టలేదు.

బూట్‌మెనూ:

అదే మీ డిస్కు. ఈఎంఎంసీకీ మెమరీ కార్డుకీ లోపలి భాష ఒకటే కాబట్టి ఇన్‌స్టాలర్ రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తుంది. 58 అన్నదీ 62.5 అన్నదీ ఒకే కొలతే. ఒకటి 1024తో లెక్క, ఇంకోటి 1000తో. నిజంగా ఎస్‌డీ కార్డు పెట్టి ఉంటే మాత్రం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి, పొరపాటున దాని మీద పడకుండా.

‘ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ లినక్స్ మింట్’ ఎంచుకోండి. డిస్కు పేరు ఎంఎంసీబీఎల్‌కే0 అని ఉండాలి, ఎస్‌డీఏ అంటే పెన్‌డ్రైవ్. జాబితాలో ఎంఎంసీబీఎల్‌కే0 బూట్0, బూట్1 అని 4 ఎంబీ ముక్కలు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు, అవి ఈఎంఎంసీ చిప్‌లో విడిగా ఉండే భాగాలు. మల్టీమీడియా కోడెక్స్ గడిలో టిక్కు పెట్టండి. దాని కింద సెక్యూర్ బూట్ పాస్‌వర్డ్ అడిగితే ఎనిమిది అక్షరాలకు తగ్గకుండా ఏదైనా పెట్టి రాసుకోండి. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తే ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర పది క్షణాలే ఆగుతుంది, మిషన్ ముందే ఉండండి.

ఈఎంఎంసీ నెమ్మదిది, 20 నిమిషాలు పట్టొచ్చు. చార్జర్ తీయకండి.

తెల్లకాగితం:

ఇన్‌స్టాల్ పూర్తయింది. కానీ పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే ‘నో బూటబుల్ డివైస్’ అంటోంది. బయోస్‌లోకి వెళ్తే సెక్యూర్ బూట్ వరుస బూడిద రంగులో ఉంది, కర్సర్ దాని మీదికే పోవడం లేదు.

గోదారిటక్స్:

ఇన్‌స్టాల్ చెడిపోలేదు, కంగారుపడకండి. కొన్ని బయోస్‌లు విండోస్ బూట్ మేనేజర్‌ను తప్ప వేరే బూట్ ఫైలును తమంతట తాము నమ్మవు. ఏసర్ మిషన్లలో ఈ తీరు బాగా తెలిసినదే. మీది ఏ కంపెనీ అయినా ఆ వరుస బూడిద రంగులో ఉందంటే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ లేకపోవడమే కారణం అయివుంటుంది.

ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి సెక్యూరిటీ పేజీలో సెట్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఎంచుకుని చిన్న పాస్‌వర్డ్ పెట్టండి. దాన్ని కాగితం మీద రాయండి. ఇది మరిచిపోతే సర్వీస్ సెంటర్ గడప ఎక్కాల్సిందే. సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్‌లోనే ఉంచండి. అది ఆపేస్తే తర్వాతి వరుస మాయమవుతుంది. ఇప్పుడు ‘సెలెక్ట్ యాన్ యూఈఎఫ్‌ఐ ఫైల్ యాజ్ ట్రస్టెడ్’ అనే వరుస తెరుచుకుంటుంది. ఎంటర్ కొట్టి డిస్కు, ఈఎఫ్‌ఐ, ఉబుంటు అనే ఫోల్డర్ల వరకు వెళ్లండి. మింట్ వేసినా ఫోల్డర్ పేరు ఉబుంటు అనే ఉంటుంది. అందులో షిమ్‌ఎక్స్64 అనే ఫైలు ఎంచుకోండి. గ్రబ్‌ఎక్స్64 కాదు. సెక్యూర్ బూట్ ఒప్పుకునే సంతకం షిమ్ మీద ఉంటుంది, గ్రబ్‌ను పిలిచేది షిమ్. పేరు అడిగితే మింట్ అని పెట్టి, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. మళ్లీ బయోస్‌లోకి వెళ్తే బూట్ పేజీలో మింట్ అనే పేరు కొత్తగా కనిపిస్తుంది. దాన్ని పైకి జరపండి. మిషన్ బూట్ అయ్యాక, కావాలంటే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ చోట ఖాళీ కొట్టి తీసేయొచ్చు.

తెల్లకాగితం:

బూట్ అయిందండి! షిమ్ ఫైలు ఎంచుకున్నాకే వచ్చింది. 11 జీబీ వాడుకుని 45 జీబీకి పైగా ఖాళీ చూపిస్తోంది. చాలా కృతజ్ఞతలు. ఇక తెరవగానే టైమ్‌షిఫ్ట్ పెట్టుకోమని అడుగుతోంది. పెట్టాలా?

నల్లరేగడి:

ఈ డిస్కు మీద పెట్టొద్దు. టైమ్‌షిఫ్ట్ పని సిస్టమ్‌ను పాత స్థితికి తేవడానికి నకళ్లు (స్నాప్‌షాట్లు) తీయడం. మొదటి స్నాప్‌షాట్ అంటే సిస్టమ్ మొత్తానికి రెండో కాపీ, 8–10 జీబీ. రోజువారీ ఐదు, వారానికి మూడు అని పెట్టుకుంటే ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాతా పాత ఫైళ్లన్నీ అందులో నిలిచిపోతాయి. మూడు నెలలకు డిస్కు నిండిపోయి, మళ్లీ మీ విండోస్ రోజులే వస్తాయి. 32 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ4 (లినక్స్ డిస్కులో ఫైళ్లు దాచే అమరిక)లో ఫార్మాట్ చేసి, పెద్ద అప్‌డేట్‌కు ముందు చేత్తో ఒక స్నాప్‌షాట్ తీసి దాచుకోండి. అది చాలు.

ఫ్లాట్‌ప్యాక్ రకం యాప్‌లు కూడా ఆచితూచి. యాప్ చిన్నదే అయినా దానితో వచ్చే రన్‌టైమ్ (అది నడవడానికి కావాల్సిన ఫైళ్లు) జీబీ దాకా పోతుంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒకే యాప్ రెండు రకాలుగా కనిపిస్తే సిస్టమ్ ప్యాకేజీ అన్నదాన్నే ఎంచుకోండి. అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ పేజీకి వెళ్లి, పాత కెర్నెళ్లు (లినక్స్ మూల భాగం పాత వెర్షన్లు) తీసేసే ఆప్షన్ ఆన్ చేయండి.

ఇన్‌స్టాల్‌లో ఈఎక్స్‌టీ4 బదులు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో అమరిక వేసి కుదింపు పెట్టుకుంటే చోటు ఇంకా మిగిలేది. చిన్న డిస్కుకు నేనైతే అదే చెప్తాను.

గోదారిటక్స్:

నల్లరేగడి గారూ, కుదింపు వల్ల చోటు కలిసొస్తుందన్నది నిజమే. కానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ నిండుతున్న కొద్దీ తెచ్చే చిక్కులు కొత్తగా వచ్చినవారికి అర్థం కావు. ఖాళీ ఉందని చూపిస్తూనే చోటు లేదంటుంది, బ్యాలెన్స్ చేయమంటుంది. 45 జీబీ మిగిలాక వీరికి ఆ తలనొప్పి అక్కర్లేదు, ఈఎక్స్‌టీ4 చాలు. అసలు ఇరుకు ర్యామ్ దగ్గర ఉంది.

నల్లరేగడి:

ర్యామ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. దానికి జెడ్‌ర్యామ్ పెట్టాలి.

మింట్ ఇన్‌స్టాల్ డిస్కు మీద స్వాప్ ఫైలు ఒకటి చేస్తుంది. ర్యామ్ నిండితే అందులోని సమాచార ముక్కలు (పేజీలు) ఈఎంఎంసీకి పోతాయి. అది నెమ్మది, పైగా చిప్ అరుగుతుంది. జెడ్‌ర్యామ్ ఆ పేజీలను ర్యామ్‌లోనే కుదించి దాస్తుంది, మామూలుగా రెండు మూడు రెట్లు చిన్నవవుతాయి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో గానీ సినాప్టిక్‌లో గానీ జెడ్‌ర్యామ్-టూల్స్ అని వెతికి వేయండి. తర్వాత ఈటీసీ ఫోల్డర్ లోపల డిఫాల్ట్ ఫోల్డర్‌లో జెడ్‌ర్యామ్‌స్వాప్ అనే ఫైలును అడ్మిన్‌గా తెరవండి. ఆల్గో వరుస ముందున్న హాష్ గుర్తు తీసి విలువ జెడ్‌ఎస్‌టీడీ చేయండి. పర్సెంట్ వరుసలోనూ హాష్ తీసి 60 పెట్టండి. హాష్ తీయడం మరిచిపోతే ఆ వరుస అమలే కాదు, ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. రీస్టార్ట్ చేయండి. డిస్కు మీది స్వాప్ ఫైలు తీయనక్కర్లేదు. జెడ్‌ర్యామ్‌కు ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి ముందు అది నిండాకే దాని వంతు వస్తుంది.

యూట్యూబ్ ఆగి ఆగి వస్తే తప్పు నెట్‌ది అనుకోకండి. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలు ఏవీ1 రూపంలో పంపుతోంది. మీ యూహెచ్‌డీ 600 గ్రాఫిక్స్ చిప్‌కు వీపీ9 విప్పడం వచ్చు, ఏవీ1 రాదు. దాంతో భారమంతా రెండు కోర్ల ప్రాసెసర్ మీద పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ పేజీ తెరిచి మీడియా డాట్ ఏవీ1 డాట్ ఎనేబుల్డ్ అనేదాన్ని ఫాల్స్ చేయండి. అప్పుడు యూట్యూబ్ వీపీ9 పంపుతుంది, గ్రాఫిక్స్ చిప్ దాన్ని తేలిగ్గా లాగేస్తుంది. వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కోడెక్స్ వరుసలో ఏ రూపం వస్తోందో కనిపిస్తుంది. మీ తెరకు 720 చాలు, 1080 పెట్టినా కంటికి తేడా తెలియదు.

వెనక మూత తెరిచే వీలుంటే లోపల ఎం.2 స్లాట్ ఖాళీగా ఉందేమో చూడండి, కొన్ని మోడళ్లలో ఉంటుంది. అది సాటానా ఎన్‌వీఎంఈనా అన్నది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసి కొనండి. రెండూ ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని చోట ఇంకోటి పనిచేయదు.

అచ్చుతప్పు:

తెలుగు సంగతి, ప్రింటర్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

ఇన్‌స్క్రిప్ట్ (మన భాషల ప్రామాణిక కీబోర్డు) వచ్చినవారికి పని చాలా తేలిక. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ పేజీకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే చాలు, వేరే ఏదీ వేయనక్కర్లేదు. ఇంగ్లిషు అక్షరాలతో టైప్ చేసే అలవాటైతే, లేదా అనులో యాపిల్ కీబోర్డు అలవాటైతే ఐబస్ (టైపింగ్ పద్ధతులు మార్చే ప్రోగ్రామ్), దానితో పాటు ఐబస్-ఎం17ఎన్ వేయండి. అందులో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ అన్నీ ఉంటాయి. లాంగ్వేజెస్, ఇన్‌పుట్ మెథడ్ పేజీలో ఐబస్ ఎంచుకున్నాక ఒకసారి లాగౌట్ అయి రావాలి, లేకపోతే కొన్ని ప్రోగ్రాముల్లో టైప్ కాదు.

ఫాంట్లకు ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలుగువిజయం అనే రెండు ప్యాకేజీలు వేయండి. మొదటిదాంట్లో పోతన, వేమన వస్తాయి. రెండోదాంట్లో సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటివి వస్తాయి. విండోస్ వాళ్లు పంపే ఫైళ్లలో గౌతమి ఫాంటు ఉంటే ఇక్కడ వేరే ఫాంటు పడుతుంది. అక్షరాలు చెడవు కానీ వరుసలు, పేజీలు జరుగుతాయి. ప్రింటుకు ఇచ్చేది పీడీఎఫ్‌గా తెప్పించుకోండి.

అను ఫైళ్లు. ఇక్కడ మాత్రం తేల్చి చెప్పాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక మీట, ఒత్తు ఇంకో మీట. అందుకే ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. మీ దగ్గరున్న అను ఫాంటు ఫైళ్లను హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఫాంట్స్ అనే ఫోల్డర్ చేసి అందులో వేస్తే లిబ్రేఆఫీస్‌లో వర్డ్ ఫైళ్లు తెలుగులో కనిపిస్తాయి. చదవచ్చు, ప్రింటు తీయచ్చు. టైప్ చేయడానికి కావాల్సిన అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ విండోస్ ప్రోగ్రాములు, వాటి మీద ఇక్కడ ఆశ పెట్టుకోకండి. రోజూ డీటీపీ పని ఉంటే ఆ పనికి విండోస్ మిషన్ ఒకటి ఉండాల్సిందే. పాతవి దాచుకోవడమే పనైతే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు, క్రావడులు ఒక్కసారి చదివి సరిచూసుకోండి. పేజ్‌మేకర్ ఫైళ్లను మాత్రం ఏ విండోస్ మిషన్ మీదైనా ముందే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

ఎల్‌బీపీ 2900బీ మన ఊళ్లలో ప్రతి జిరాక్స్ షాపులోనూ కనిపించే గట్టి ప్రింటరే, లినక్స్‌కు మాత్రం కష్టమైనది. పేజీని కంప్యూటరే కెనాన్ సొంత క్యాప్ట్ భాషలోకి మార్చి పంపాలి, పోస్ట్‌స్క్రిప్ట్ అనే మామూలు ప్రింటర్ భాష దానికి తెలియదు. కెనాన్ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ ఉంది కానీ పాత 32-బిట్ లైబ్రరీలు అడుగుతుంది. వేసినా ప్రింటర్ ఆపి ఆన్ చేసినప్పుడల్లా దాని సర్వీసు మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఔత్సాహికులు రాసిన క్యాప్ట్‌డ్రైవర్ అనేది 2900ను నడుపుతుంది, కాకపోతే సోర్సు నుంచి కంపైల్ చేసుకోవాలి. నెలకు ఇరవై పేజీలే అంటున్నారు, పీడీఎఫ్ తీసి ప్రింటర్ ఉన్న వేరే మిషన్‌లో కొట్టించడమే నా సలహా. పోల్చి చెప్పాలంటే ఎప్సన్ ఎల్ వరసకు ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్ సులువుగా పడుతుంది. హెచ్‌పీ 1020 లాంటివాటికి హెచ్‌ప్లిప్ అనే హెచ్‌పీ డ్రైవర్ ప్లగిన్ వేస్తే సరి, ఆన్ చేసినప్పుడల్లా ఫర్మ్‌వేర్ అదే పంపుకుంటుంది.

కొత్తచిగురు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇదే పద్ధతి జియో లాప్‌టాప్ జియోబుక్‌కు పనిచేస్తుందా? ఇంకో పాత మిషన్ ఉంది, ఆటమ్ జెడ్3735ఎఫ్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ. దానికి మింట్ పెన్‌డ్రైవ్ పెడితే బూట్ మెనూలో పేరే రావడం లేదు.

బూట్‌మెనూ:

జియోబుక్‌కు పనిచేయదు. 2023లో వచ్చినదాంట్లో మీడియాటెక్ ఎంటీ8788 చిప్ ఉంది, అంటే ఫోన్ల రకం ఆర్మ్ ప్రాసెసర్. మనం దించే ఐఎస్‌ఓ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు చేసింది, దాని ఆదేశాలే ఆ చిప్‌కు అర్థం కావు. పైగా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయించే యూఈఎఫ్‌ఐ అందులో ఉండదు. ఆర్మ్ మిషన్‌కు ఆ బోర్డులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే డివైస్ ట్రీ ఫైలుతో సహా విడిగా తయారుచేసిన ఇమేజ్ కావాలి, బూట్‌లోడర్ తాళం తెరిచి ఉండాలి. లాప్‌టాప్ కొనేముందే ఈ తేడా చూసుకోవాలి.

ఆటమ్ మిషన్ కథ వేరు. 2016లో 9,999 రూపాయలకు వచ్చిన ఐబాల్ కాంప్‌బుక్ ఎక్సలాన్స్‌లోనూ ఇదే చిప్. ప్రాసెసర్ 64-బిట్, యూఈఎఫ్‌ఐ 32-బిట్. మింట్ పెన్‌డ్రైవ్‌లో 64-బిట్ బూట్ ఫైలు మాత్రమే చూసి ఆ బయోస్ పక్కకు తప్పుకుంటుంది. డెబియన్ అనే ఇంకో లినక్స్ 64-బిట్ నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్ తీసుకోండి. 12వ వెర్షన్ నుంచి అందులో 32-బిట్ బూట్ ఫైలు కూడా పెడుతున్నారు. డెస్క్‌టాప్ ఎంచుకునే చోట గ్నోమ్ తీసేసి తేలికైన ఎల్‌ఎక్స్‌క్యూటీ పెట్టండి. బ్రౌజర్‌లో రెండు ట్యాబులకు మించి ఆశించకండి. వాడుతుండగా ఉన్నట్టుండి బిగుసుకుపోతే బూట్ తెరలో ‘ఈ’ అనే ఇంగ్లిషు అక్షరం మీట నొక్కి కెర్నెల్ వరుస చివర ఇంటెల్ ఐడిల్ మ్యాక్స్ సీస్టేట్ 1 అనే ఆప్షన్ చేర్చి చూడండి. ఆ తరం ఆటమ్‌లకు నిద్ర స్థితుల్లో ఆ జబ్బు ఉంది. బ్యాటరీ కొంచెం త్వరగా తగ్గుతుంది, మిషన్ మాత్రం నిలబడుతుంది.

తెల్లకాగితం:

జెడ్‌ర్యామ్, ఏవీ1 రెండూ చేశాను, తేడా స్పష్టంగా తెలుస్తోంది. ఎనిమిది ట్యాబుల్లోనూ కదులుతోంది. అను ఫాంట్లు వేశాక పాత వర్డ్ ఫైళ్లు కూడా తెలుగులో వచ్చాయి. ఒక్కటే మిగిలింది: ఫోన్ నుంచి వైఫై ఇస్తే బాగానే ఉంటుంది, ఇంట్లో రౌటర్‌తో పది నిమిషాలకోసారి తెగిపోతోంది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో వైఫై చిప్ ఆర్‌టీఎల్8821సీఈ అని ఉంది.

నల్లరేగడి:

ఆ రియల్‌టెక్ చిప్‌కు కరెంటు పొదుపు పడదు. రెండు చోట్ల ఆపాలి. ఒకటి, ఈటీసీ, నెట్‌వర్క్‌మేనేజర్, కాన్ఫ్.డి ఫోల్డర్‌లో డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్ అనే ఫైలు ఉంటుంది. అందులో 3 అని ఉన్నచోట 2 చేయండి. 2 అంటే పొదుపు ఆపమని. రెండు, ఈటీసీ లోపల మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో కాన్ఫ్ అనే తోకతో కొత్త ఫైలు చేసి ఒకే వరుస రాయండి: ఆప్షన్స్, ఖాళీ, ఆర్‌టీడబ్ల్యూ88 అండర్‌స్కోర్ పీసీఐ, ఖాళీ, డిజేబుల్ అండర్‌స్కోర్ ఏఎస్‌పీఎం ఈక్వల్ టు వై. అన్నీ చిన్న ఇంగ్లిషు అక్షరాలు, ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. రీస్టార్ట్ చేసి ఒక గంట చూడండి. అప్పటికీ తెగితే రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ ఒకే పేరు ఉందేమో చూసి, వేరే పేర్లు పెట్టి లాప్‌టాప్‌ను 5కు మాత్రమే కలపండి. నెట్‌లో దొరికే 8821సీఈ విడి డ్రైవర్ మాత్రం వేయకండి. కెర్నెల్‌లో ఉన్నదే చాలు, రెండూ కలిస్తే కొట్టుకుంటాయి.